అయస్కాంత శ్వేతకుబ్జ జంటలను ఎక్స్-రేలోనూ దృశ్యకాంతిలోనూ పరిశీలించడం ఎలా: ఈఎక్స్ హైడ్రే ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

ఏప్రిల్ మొదటి వారంలో రాత్రి పదకొండు దాటాక హైదరాబాద్ నుంచి దక్షిణ దిక్కుకు చూస్తే ఆకాశంలో సగం ఎత్తున హస్త నక్షత్రం నాలుగు తారల చట్రంలా కనిపిస్తుంది. ఆ చట్రంలో ఆగ్నేయ మూలనున్న తార నుంచి మరికొంత ఆగ్నేయంగా సుమారు ఏడు డిగ్రీలు జరిగితే, కంటికి ఆనని 13వ మాగ్నిట్యూడ్ తార ఒకటి ఉంటుంది (మాగ్నిట్యూడ్ అంటే ప్రకాశ కొలమానం, అంకె పెరిగేకొద్దీ తార మసక). దాని పేరు ఈఎక్స్ హైడ్రే. మనకు దాదాపు 185 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ చుక్క నిజానికి రెండు తారల జంట. అందులో ఒకటి అయస్కాంత క్షేత్రం గల శ్వేతకుబ్జం, రెండవది దానికి తన వాయువును కోల్పోతున్న చిన్న ఎర్రని తార. ఇంటి మిద్దె మీద పెట్టిన ఎనిమిది అంగుళాల దూరదర్శినితోనూ, ఎవరైనా ఉచితంగా దించుకోగల ఉపగ్రహ దత్తాంశంతోనూ ఈ జంటను రెండు కాంతుల్లో ఎలా పరిశీలించాలో ఈ వ్యాసం అడుగడుగునా వివరిస్తుంది. ఈ పని మొత్తానికీ ఆధారం కాలాన్ని సరిగ్గా కొలవడమే కాబట్టి, గడియారం గురించి చెప్పే భాగాన్ని మాత్రం దయచేసి దాటవేయకండి.

మొదటి అడుగు: ఏమి చూడబోతున్నామో తెలుసుకోవడం

శ్వేతకుబ్జం భూమి అంత పరిమాణంలో ఉంటుంది, కాని దాని ద్రవ్యరాశి సూర్యుడితో పోల్చదగినది. ఈఎక్స్ హైడ్రేలోని శ్వేతకుబ్జం సూర్యుడిలో సుమారు 0.8 వంతు తూగుతుంది. పక్కనున్న ఎర్ర తార నుంచి జారిన వాయువు సాధారణ జంటల్లోనైతే పళ్లెంలాంటి చక్రంగా చేరి, మెల్లగా శ్వేతకుబ్జం నడుము మీదకు దిగుతుంది. అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్నచోట ఆ చక్రం లోపలి అంచు దగ్గరే తెగిపోతుంది, లేదా అసలు ఏర్పడనే ఏర్పడదు. అక్కడి నుంచి వాయువు క్షేత్రరేఖల వెంట వంగి ధ్రువాల మీద పడుతుంది. ఆ పడే వేగం సెకనుకు 5,000 కిలోమీటర్లకు పైమాటే. ఉపరితలానికి కొంచెం పైన ఆఘాత తరంగం దానికి అడ్డుకట్ట వేస్తుంది, ఆ వేగమంతా వేడిగా మారి వాయువు కోట్ల డిగ్రీలకు చేరుతుంది. మనకు అందే ఎక్స్ కిరణాలు ఆ వేడి స్తంభం నుంచి వస్తున్నవే.

ఈ జంటల్లో రెండు తెగలున్నాయి. పోలార్లలో క్షేత్రం కోటి గాస్‌ల నుంచి 20 కోట్ల గాస్‌లకు పైగా ఉంటుంది. మన భూమి క్షేత్రం అర గాస్ అని గుర్తు చేసుకుంటే ఆ బలం ఎంతటిదో తెలుస్తుంది. అంత క్షేత్రం ముందు చక్రం నిలవదు, పైగా శ్వేతకుబ్జం భ్రమణం కక్ష్యతో ముడిపడి, రెండు తారలూ ఎప్పుడూ ఒకే ముఖాన్ని ఎదురెదురుగా పెట్టుకుని తిరుగుతాయి. ఇంటర్మీడియట్ పోలార్లలో క్షేత్రం అంతకంటే బలహీనం. అక్కడ శ్వేతకుబ్జం కక్ష్యా కాలం కంటే త్వరగా తన చుట్టూ తాను తిరుగుతుంది, అందువల్ల ఒకే తారలో రెండు గడియారాలు నడుస్తాయి. ఈఎక్స్ హైడ్రే ఈ రెండవ తెగకు చెందినది. దాని కక్ష్యా కాలం 98.26 నిమిషాలు, భ్రమణ కాలం 67.03 నిమిషాలు. దానికి తోడు ప్రతి కక్ష్యలో ఒకసారి ఎర్ర తార అడ్డు వచ్చి కొద్ది నిమిషాల ఇరుకైన గ్రహణం పడుతుంది.

రెండవ అడుగు: లక్ష్యాన్నీ కాలాన్నీ ఎంచుకోవడం

తెలుగు ప్రాంతాల్లో వర్షాకాలం జూన్‌లో మొదలై సెప్టెంబరు దాకా ఆకాశాన్ని మూసేస్తుంది. పోలార్ల తెగకు పేరు తెచ్చిన ఏఎం హెర్క్యులిస్ సరిగ్గా జూన్, జులై నెలల్లోనే అర్ధరాత్రి ఆకాశంలో బాగా ఎత్తున ఉంటుంది. మరొక ఇంటర్మీడియట్ పోలార్ అయిన ఎఫ్ఓ అక్వేరీ ఆగస్టు తార. అవి రెండూ మంచి లక్ష్యాలే అయినా, మొదటిసారి ప్రయత్నించేవారికి ఫిబ్రవరి నుంచి మే వరకు అందుబాటులో ఉండే ఈఎక్స్ హైడ్రేనే నేను సూచిస్తాను. దీని క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి దూరం, దక్షిణంగా 29 డిగ్రీలు. యూరప్‌లో చాలాచోట్ల అది దిగంతాన్ని అంటుకునే పోతుంది, హైదరాబాద్‌లో మాత్రం 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, తిరుపతిలో ఇంకా పైకి. దిగంతం నుంచి 30 డిగ్రీలకు పైన అది రాత్రికి సుమారు ఐదు గంటలు నిలుస్తుంది. ఆ ఐదు గంటల్లో మూడు కక్ష్యలూ, నాలుగున్నర భ్రమణాలూ పడతాయి.

చంద్రుడి సంగతి కూడా మన పంచాంగమే చెబుతుంది. చైత్ర పౌర్ణమినాడు చంద్రుడు చిత్త నక్షత్రం దగ్గర ఉంటాడు, అంటే మన తారకు ఇరవై డిగ్రీల చేరువలో. కాబట్టి ఆ వారం వదిలేయాలి. ఉగాది అమావాస్య మరునాడే వస్తుంది కాబట్టి, ఉగాదికి ముందు వెనుకల వారం రోజులూ చీకటి రాత్రులు. నాలుగైదు రాత్రులు వరుసగా చేయగలిగితే అప్పుడే చేయండి.

వరుసగా ఎందుకంటే, ఈ తారలో ఒక చిక్కు ఉంది. భ్రమణ కాలం కక్ష్యా కాలంలో దాదాపు మూడింట రెండు వంతులు. మూడు భ్రమణాలకు 201 నిమిషాలు, రెండు కక్ష్యలకు 196.5 నిమిషాలు పడతాయి. ఒక్క రాత్రి కొలతల్లో ఈ రెండూ చేయీ చేయీ పట్టుకుని నడుస్తున్నట్టు కనిపిస్తాయి, ఏ ఎత్తు భ్రమణానిదో ఏది కక్ష్యదో విడదీయలేము. రాత్రులు గడిచేకొద్దీ ఆ నాలుగున్నర నిమిషాల తేడా కూడుకుంటూ పోయి, రెండూ విడివడతాయి.

మూడవ అడుగు: పరికరాలు

ఎనిమిది అంగుళాల అద్దం, గమనాన్ని అనుసరించే మౌంట్, చల్లబరిచే సదుపాయం ఉన్న నలుపు తెలుపు కెమెరా ఉంటే చాలు. రంగుల కెమెరాతోనూ పని జరుగుతుంది, కాని పచ్చ పిక్సెళ్లను మాత్రమే వేరుచేసి వాడుకోవాలి. ఫిల్టర్ విషయంలో నా అభిప్రాయం ఇది: కాల విశ్లేషణే లక్ష్యమైతే ఫిల్టర్ లేకుండా తీయండి, ఎక్కువ కాంతి అందుతుంది. ఏళ్ల తరబడి ప్రకాశాన్ని పోల్చాలనుకుంటే మాత్రం పసుపు పచ్చ కాంతిని మాత్రమే వదిలే వి ఫిల్టర్ తప్పనిసరి. మధ్యలో మార్చకూడదు.

ఎక్స్‌పోజర్ 20 నుంచి 30 సెకన్లు. భ్రమణం గంటకు పైబడినది కాబట్టి నిమిషం పెట్టినా ఫర్వాలేదనిపిస్తుంది, కాని గ్రహణం కొద్ది నిమిషాలే ఉంటుంది, నిమిషం ఎక్స్‌పోజర్లలో దాని అంచులు చెరిగిపోతాయి. ఏ తారకైనా వర్తించే కొలబద్ద ఏమిటంటే, మీరు చూడదలచిన అతి చిన్న మార్పు పట్టే సమయంలో పదో వంతుకు మించి ఎక్స్‌పోజర్ ఉండకూడదు.

నాలుగవ అడుగు: గడియారం

నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం దూరదర్శినిలో జరిగినవి కావు, కాలాన్ని రాసుకోవడంలో జరిగినవి. దృశ్యకాంతి కొలత మీ మిద్దె మీద జరుగుతుంది, ఎక్స్-రే కొలత లక్ష కిలోమీటర్ల దూరంలో తిరిగే ఉపగ్రహం మీద, బహుశా పాతికేళ్ల కిందట జరిగి ఉంటుంది. ఆ రెంటినీ ఒకే కాగితం మీద పెట్టాలంటే రెండు గడియారాలూ ఒకే మాట చెప్పాలి.

మొదట కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ కాల సర్వర్‌తో సరిచేసే ప్రోగ్రామ్ రాత్రంతా నడుస్తూ ఉండాలి. సాయంత్రం ఒకసారి సరిచేసి వదిలేస్తే, తెల్లవారేసరికి ల్యాప్‌టాప్ గడియారం సెకన్ల కొద్దీ జారవచ్చు. ఫోన్ సిగ్నల్ అందని పొలంలో పనిచేసేవారు చిన్న జీపీఎస్ రిసీవర్ వాడుకోవాలి. రెండవది, చిత్రం శీర్షికలో నమోదయ్యే సమయం ఎక్స్‌పోజర్ మొదలైనప్పటిదా, ముగిసినప్పటిదా అన్నది తెలుసుకుని, ఎప్పుడూ మధ్య క్షణాన్నే వాడాలి. మూడవది, భారత కాలం నుంచి ఐదున్నర గంటలు తీసివేయడం. మన అర్ధరాత్రికి ప్రపంచ కాలం ముందురోజు సాయంత్రం ఆరున్నర, అంటే తేదీ కూడా మారుతుంది. ఒక ఏడాది నేను రెండు రాత్రుల కొలతలకు తేదీ మార్చకుండా కలిపేశాను, మూడు వారాల తరువాత గ్రహణం రావలసినచోట రాకపోయేసరికి తప్పు తెలిసింది.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. 2025 ఏప్రిల్ 2 రాత్రి 11 గంటల 30 నిమిషాలకు ఒక చిత్రం మధ్య క్షణం వచ్చిందనుకోండి. ప్రపంచ కాలంలో అది అదే తేదీ సాయంత్రం 6 గంటలు; ఖగోళ శాస్త్రంలో రోజులను వరుసగా లెక్కించే జూలియన్ దినంలో 2460768.25. లీపు సెకన్లనూ కాల ప్రమాణాల తేడానూ కలిపితే ఇంకా 69.184 సెకన్లు చేరుతాయి, దాంతో అది 2460768.2508 అవుతుంది. ఇక అసలైన సవరణ మిగిలింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఏప్రిల్‌లో ఈ తారకు దగ్గరగానూ, అక్టోబరులో దూరంగానూ ఉంటుంది. అందువల్ల ఈ తార కాంతి సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి చేరే సమయంతో పోలిస్తే మనకు ఏప్రిల్‌లో సుమారు ఏడున్నర నిమిషాలు ముందుగా అందుతుంది. ఆ ఏడున్నర నిమిషాలను కలిపితేనే ద్రవ్యకేంద్ర జూలియన్ దినం వస్తుంది. కలపకపోతే భ్రమణ దశలో పదో వంతుకు పైగా తప్పు వస్తుంది. ఆరు నెలల తరువాతి కొలతలతో పోల్చేటప్పుడు ఆ తప్పు రెట్టింపై, శ్వేతకుబ్జం తన భ్రమణాన్నే మార్చుకుందన్న భ్రమ కలిగిస్తుంది. ఈ లెక్క చేతితో చేయనక్కరలేదు, ఆస్ట్రోఇమేజ్‌జే అనే ఉచిత ప్రోగ్రామ్‌కు మీ అక్షాంశ రేఖాంశాలూ తార స్థానమూ ఇస్తే అదే చేస్తుంది. అయినా మొదటిసారి ఒక చిత్రానికి చేతితో లెక్కవేసి, ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెతో సరిచూసుకోండి.

ఐదవ అడుగు: రాత్రి పని, కొలత

తార 30 డిగ్రీల ఎత్తుకు రాగానే మొదలుపెట్టి, దిగేవరకు ఆపకుండా తీయాలి. తీసే చిత్రంలో మన తారతోపాటు కనీసం రెండు స్థిరమైన తారలు ఉండాలి. 1911లో మొదలైన ఏఏవీఎస్ఓ అనే చర తారల పరిశీలకుల సంఘం ఈ తారకు పటాన్నీ, పోలిక తారల ప్రకాశాలనూ ఉచితంగా ఇస్తుంది. ఒకదాన్ని పోలికకూ, రెండవదాన్ని సరిచూపుకూ వాడండి. వాయువు నుంచి వచ్చే నీలి కాంతి వల్ల ఈఎక్స్ హైడ్రే నీలంగా ఉంటుంది, అందుకని బాగా ఎర్రని పోలిక తారను ఎంచుకుంటే, తార కిందికి దిగేకొద్దీ వాతావరణం నీలాన్ని ఎక్కువగా మింగేయడం వల్ల లేని వాలు కాంతి వక్రంలో, అంటే కాలంతో ప్రకాశం ఎలా మారిందో చూపే గీతలో, కనిపిస్తుంది.

కెమెరా లోపాలను సవరించే డార్క్, బయస్, ఫ్లాట్ చిత్రాల గురించి ఇక్కడ విస్తరించను, అది అన్ని ఫోటోమెట్రీలకూ (ప్రకాశ కొలతలకూ) ఒకటే. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను: మన వేసవిలో రాత్రి కూడా ముప్ఫై డిగ్రీల వేడి ఉంటుంది, కెమెరా చల్లదనాన్ని సున్నా కంటే బాగా కిందికి దించాలని పట్టుబడితే తెల్లవారుజాముకు అది అదుపు తప్పవచ్చు. రాత్రంతా నిలబెట్టగల ఉష్ణోగ్రతనే ఎంచుకుని, డార్క్‌లు అదే ఉష్ణోగ్రత వద్ద తీయండి.

కొలత పూర్తయ్యాక మొదట చూడవలసింది మన తార వక్రాన్ని కాదు, సరిచూపు తార వక్రాన్ని. అది అడ్డగీత గీసినట్టు చదునుగా ఉండి, చెదురు 0.02 మాగ్నిట్యూడ్ లోపు ఉంటే రాత్రి బాగున్నట్టే. అది ఊగితే పలుచని మబ్బో, గమనంలో లోపమో ఉందని అర్థం, ఆ భాగాన్ని తీసేయాలి. మన తార వక్రంలో మాత్రం నిమిషాల వ్యవధిలో పైకీ కిందికీ వణుకు కనిపిస్తుంది. అది దోషం కాదు, ప్రవహించే వాయువు స్వభావమే అంత. ఆ వణుకు కింద దాగిన 67 నిమిషాల అలను బయటికి తీయాలంటే అనేక భ్రమణాలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీయాలి. నాలుగు రాత్రులకు దాదాపు 18 భ్రమణాలు వస్తాయి, అల స్పష్టంగా కనిపించడానికి అవి సరిపోతాయి.

ఆరవ అడుగు: ఎక్స్-రే దత్తాంశం

ఎక్స్ కిరణాలను వాతావరణం నేల దాకా రానివ్వదు కాబట్టి ఉపగ్రహాలే దిక్కు. వాటి దత్తాంశం సాధారణంగా ఏడాది గడువు ముగిశాక అందరికీ తెరుచుకుంటుంది. నాసా నడిపే హీసార్క్ భాండాగారంలో తార పేరు టైపు చేస్తే ఏ ఉపగ్రహం, ఎప్పుడు, ఎంతసేపు చూసిందో పట్టిక వస్తుంది. ఆ పట్టికలో ఏది ఎంచుకోవాలన్నది ఈ తార విషయంలో చాలా ముఖ్యం.

శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన మన ఆస్ట్రోశాట్ సుమారు 650 కిలోమీటర్ల ఎత్తులో, 98 నిమిషాలకు కొద్దిగా తక్కువ సమయంలో భూమిని ఒకసారి చుట్టి వస్తుంది. ఈఎక్స్ హైడ్రే కక్ష్యా కాలం 98.26 నిమిషాలు. అంటే ఉపగ్రహం భూమి చాటుకు వెళ్లిన ప్రతిసారీ తార దాదాపు అదే దశలో ఉంటుంది. చాటున పడిన దశ ఆ రోజు మళ్లీ మళ్లీ చాటునే పడుతుంది, గ్రహణం ఆ చాటులో పడితే ఎన్ని కక్ష్యలు చూసినా అది కనిపించదు. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలన్నింటికీ ఈ తారతో ఇంచుమించు ఇదే ఇబ్బంది. ఇందులో ఉపగ్రహం తప్పేమీ లేదు, ఇది రెండు అంకెలు కలిసిరావడం మాత్రమే. అందుకని ఈ తారకు ఎత్తయిన దీర్ఘవృత్త కక్ష్యల్లో తిరిగే రెండు ఎక్స్-రే ఉపగ్రహాల, అంటే యూరప్‌వారి ఎక్స్ఎంఎం-న్యూటన్, నాసావారి చంద్ర దత్తాంశాన్ని ఎంచుకోండి. అవి గంటల తరబడి కన్నార్పకుండా చూస్తాయి, చంద్ర ఒక్కటే ఈ తారను 2007లో సుమారు ఐదు లక్షల సెకన్లు చూసింది. ఆస్ట్రోశాట్ బలం వేరే చోట ఉంది. మెత్తని (తక్కువ శక్తి గల) ఎక్స్ కిరణాల నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్ కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) దాకా, దానితోపాటు అతినీల లోహిత కాంతిలోనూ ఒకేసారి చూడగలగడం దాని ప్రత్యేకత. ఇరవై నిమిషాల లోపు భ్రమణ కాలం గల ఇతర ఇంటర్మీడియట్ పోలార్లకు అది చక్కగా సరిపోతుంది.

ఎక్స్ఎంఎం-న్యూటన్ దత్తాంశాన్ని తీసుకున్నామనుకుందాం. ఎక్స్-రే దత్తాంశం చిత్రాల వరుస కాదు, సంఘటనల జాబితా. ఒక్కొక్క ఫోటాన్‌కూ ఒక వరుస, అందులో అది తగిలిన సమయం, తగిలిన చోటు, దాని శక్తి ఉంటాయి. ఈ సంగతి మనసుకు పట్టాక మిగిలిన పనంతా జల్లెడ పట్టడమే. ఆ ఉపగ్రహం కోసం యూరప్ అంతరిక్ష సంస్థ ఉచితంగా ఇచ్చే శాస్ అనే ప్రోగ్రామ్ సమూహంతో మొదట ఆ జాబితాను తాజా క్రమాంకనంతో (పరికరపు సవరణ వివరాలతో) మళ్లీ తయారుచేయాలి. తరువాత డిటెక్టర్ మొత్తానికీ 10 నుంచి 12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య కాంతి వక్రం గీయాలి. ఆ శక్తి వద్ద తారల నుంచి వచ్చేది బహు తక్కువ, కాబట్టి అక్కడ కనిపించే ఉప్పెనలు అంతరిక్షంలోని ప్రోటాన్లు తగలడం వల్ల కలిగినవే. ఆ ఉపగ్రహంలోని పీఎన్ కెమెరాకు సెకనుకు 0.4 సంఘటనలు దాటిన సమయాలను వర్ణపటం కోసం తీసేయడం ఆనవాయితీ. కాల విశ్లేషణకు మాత్రం తొందరపడి తీసేయకండి. ఈఎక్స్ హైడ్రే ప్రకాశవంతమైన మూలం కాబట్టి నేపథ్యాన్ని తీసివేస్తే చిన్న ఉప్పెనలు హాని చేయవు, అనవసరంగా సృష్టించిన ఖాళీలే లేని ఆవర్తనాలను తెచ్చిపెడతాయి.

తరువాత తార చుట్టూ సుమారు 40 ఆర్క్ సెకన్ల వృత్తం గీసి, అదే చిప్ మీద మూలాలేవీ లేని చోట నేపథ్యానికి మరొక వృత్తం గీయాలి. వృత్తాలు గీసే ముందే జాబితాలోని కాలాలన్నిటినీ ద్రవ్యకేంద్రానికి సవరించాలి, శాస్‌లో బ్యారీసెన్ అనే ఆదేశం ఆ పని చేస్తుంది. ఈ ఆదేశాన్ని ఒకసారే ఇవ్వాలి, రెండుసార్లు ఇస్తే సవరణ రెండుసార్లు పడుతుంది, అందుకే అసలు ఫైలు నకలు మీదనే పనిచేయండి. ఈ జాబితాలోని సమయం 1998 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లలో ఉంటుంది. దాన్ని 86,400తో భాగించి 2450814.5కు కలిపితే, మీ మిద్దె మీది కొలతలు ఏ కాలమానంలో ఉన్నాయో సరిగ్గా అదే కాలమానంలోకి వస్తుంది.

ఇప్పుడు ఎక్స్-రే కాంతి వక్రాన్ని కనీసం రెండు భాగాలుగా తీయండి: 0.3 నుంచి 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు మెత్తనిది, 2 నుంచి 10 వరకు గట్టిది. ఇలా విడదీయకుండా మొత్తాన్ని ఒకటిగా చూస్తే ఈ పరిశీలన ఫలితంలో సగం చేజారినట్టే.

ఏడవ అడుగు: రెండు కాంతులనూ ఒకే దశలో పేర్చడం

దశ అంటే చక్రంలో ఎక్కడున్నామన్న భిన్నం. ఒక మూల క్షణాన్ని ఎంచుకుని, ప్రతి కొలత సమయం నుంచి దాన్ని తీసివేసి, ఆవర్తన కాలంతో భాగించి, పూర్ణాంకాన్ని వదిలి మిగిలిన భిన్నాన్ని ఉంచుకోవాలి. కక్ష్యకు 0.0682338 రోజు, భ్రమణానికి 0.046546 రోజు వాడవచ్చు. ఏడాదిలో 7,800కు పైగా భ్రమణాలు జరుగుతాయి కాబట్టి, ఆవర్తన కాలంలో చివరి అంకెలోని చిన్న లోపం కూడా ఏళ్లు గడిచేకొద్దీ గోరంత కొండంత అవుతుంది. పైగా ఈ శ్వేతకుబ్జం పడే వాయువు తోపుడుకు క్రమంగా వేగం పుంజుకుంటోంది. అందుకని పాత ఎక్స్-రే దత్తాంశాన్ని మీ కొత్త కొలతలతో నేరుగా పేర్చేటప్పుడు, ఆ వేగ మార్పును లెక్కలోకి తీసుకున్న ప్రచురిత సూత్రాన్నే వాడాలి. లేదా ఎక్స్ఎంఎం-న్యూటన్ మీదనే ఉన్న 30 సెంటీమీటర్ల దృశ్యకాంతి దూరదర్శిని అదే సమయంలో తీసిన కొలతలను ముందు పేర్చి చూసుకోవాలి. పద్ధతి నేర్చుకోవడానికి ఈ రెండవ దారి సురక్షితమైనది.

కక్ష్యా దశ మీద మడిచినప్పుడు, అంటే చక్రాలన్నిటినీ ఒకే చక్రంగా పేర్చినప్పుడు, గ్రహణం రెండు కాంతుల్లోనూ ఒకేచోట పడాలి. ఎక్స్-రేలో అది పూర్తిగా చీకటి కాదు, పాక్షికమే. ఎర్ర తార అంచు కింది ధ్రువాన్ని మాత్రమే కప్పుతుంది, పై ధ్రువం వెలుగుతూనే ఉంటుంది. ఇరుకైన ఈ గ్రహణమే మీ గడియారానికి పరీక్ష. ఒకేసారి తీసిన కొలతల్లో దృశ్యకాంతి గ్రహణం ఎక్స్-రే గ్రహణం నుంచి నిమిషాల దూరంలో పడితే, కొత్త భౌతిక శాస్త్రాన్ని వెతకకుండా నాలుగవ అడుగుకు తిరిగి వెళ్లండి.

భ్రమణ దశ మీద మడిచినప్పుడు నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే దృశ్యం వస్తుంది. ధ్రువం మనవైపు తిరిగినప్పుడు తార ఎక్కువగా వెలగాలని ఎవరైనా అనుకుంటారు. వాస్తవం దానికి ఎదురు. ధ్రువం వైపు వంగి పడే వాయువు తెరలాగా వేలాడుతుంది. పై ధ్రువం మనవైపు ఉన్నప్పుడు ఆ తెర మన చూపుకు అడ్డంగా నిలిచి, తన వెనకున్న వేడి స్తంభం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను మింగేస్తుంది. ధ్రువం ఆవలికి తిరిగినప్పుడు అడ్డు తొలగి, తెర వెడల్పాటి ముఖం మనకు కనిపించి దృశ్యకాంతి కూడా పెరుగుతుంది. అందుకే రెండు కాంతుల గరిష్ఠాలూ దాదాపు ఒకే దశలో వస్తాయి. అడ్డుపడేది వాయువేనని నమ్మకం కలగాలంటే మెత్తని, గట్టి వక్రాలను పక్కపక్కన పెట్టండి: మెత్తని ఎక్స్ కిరణాలను వాయువు సులువుగా మింగుతుంది, కాబట్టి మెత్తని వక్రంలో పల్లం లోతుగానూ, గట్టి వక్రంలో తక్కువ లోతుగానూ ఉంటుంది. గట్టి వక్రాన్ని మెత్తని వక్రంతో భాగించి గీస్తే, పల్లం ఉన్నచోట ఆ నిష్పత్తి లేచి కనిపిస్తుంది.

వర్ణపటాన్ని కూడా చూడాలనుకునేవారు వర్ణపటాలను విశ్లేషించే ఎక్స్‌స్పెక్ ప్రోగ్రామ్‌లో ఒకే ఉష్ణోగ్రత గల నమూనాతో సరిపెట్టుకోకూడదు. ఆఘాత తరంగం దగ్గర మండే వాయువు కిందికి దిగేకొద్దీ చల్లబడుతుంది కాబట్టి చల్లబడే ప్రవాహపు నమూనాను, పాక్షికంగా కప్పే వాయువుతో కలిపి వాడాలి. 6.4 దగ్గర ఒకటి, 6.7 దగ్గర ఒకటి, 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మరొకటి, మూడు ఇనుప రేఖలు వరుసగా కనిపిస్తాయి. చివరి రెండూ మండే వాయువువి, మొదటిది చల్లని పదార్థం మీద పడి తిరిగి వచ్చినది. వేడి గరిష్ఠం ఎంతో తెలిస్తే పడే వేగం తెలుస్తుంది, దాని నుంచి శ్వేతకుబ్జం ద్రవ్యరాశిని అంచనా వేయవచ్చు.

ఎనిమిదవ అడుగు: ఒకే రాత్రి ఇద్దరూ చూడాలంటే

ఉపగ్రహంతో పాటు అదే రాత్రి నేల నుంచి చూడాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. ఎక్స్ఎంఎం-న్యూటన్ సూర్యుడి నుంచి 70 నుంచి 110 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశాన్నే చూడగలదు. ఈఎక్స్ హైడ్రే మనకు రాత్రంతా కనిపించే ఏప్రిల్‌లో అది సూర్యుడికి ఎదురుగా ఉంటుంది, అంటే ఆ ఉపగ్రహానికి అందదు. కలిసి చూడగల కాలాలు రెండే: జనవరి తెల్లవారుజాములు, జులై సాయంత్రాలు. జులైలో మనకు వర్షం కాబట్టి జనవరిలో కళ్లలో వత్తులు వేసుకుని రాత్రి మూడు గంటల నుంచి తెల్లవారేదాకా చూడాలి. ఉపగ్రహాల కార్యక్రమ పట్టికలు ముందుగానే ప్రచురితమవుతాయి, డిసెంబరులోనే వాటిని చూసి ఉంచుకోండి.

ఒకటి రెండు ఋతువులు ఈఎక్స్ హైడ్రేతో చేయి తిరిగాక, వర్షాలు వెనక్కి తగ్గిన అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో కుంభరాశిలోని ఎఫ్ఓ అక్వేరీ వైపు వెళ్లండి. దాని భ్రమణం 20.9 నిమిషాలు, కక్ష్య 4.85 గంటలు, మామూలు రోజుల్లో ప్రకాశం సుమారు 13.5. రెండు గంటలు చూస్తే ఐదారు భ్రమణాలు కంటికి నేరుగా కనిపిస్తాయి, మడవవలసిన అవసరం కూడా లేదు. ఒకేచోటి నుంచి చూసేవారికి పగటి ఖాళీల వల్ల 20.9కి పక్కనే 20.6 నిమిషాల దగ్గర కూడా ఒక శిఖరం వస్తుంది, అది నిజమైనది కాదు. వేరే రేఖాంశంలో ఉన్న మరొక పరిశీలకుడి కొలతలు కలిపితే అది తగ్గిపోతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి దూరదర్శిని ఉన్న మనవాళ్లు ఎవరైనా తెలిస్తే జట్టుకట్టడానికి ఇది మంచి అవకాశం.

2016లో ఈ తార ఉన్నట్టుండి రెండు మాగ్నిట్యూడ్లకు పైగా మసకబారింది, అలా జరిగినట్టు అప్పటివరకు ఎవరూ నివేదించలేదు. వాయువు ప్రవాహం తగ్గడంతో 20.9 నిమిషాల అల వెనక్కి తగ్గి, 11.26 నిమిషాల అల ముందుకు వచ్చింది. అది శ్వేతకుబ్జం భ్రమణానికీ కక్ష్యకూ మధ్య ఏర్పడే 22.5 నిమిషాల తాళంలో సగం. చక్రాన్ని దాటుకుని ఎర్ర తార నుంచి వచ్చే ధార నేరుగా ధ్రువాల మీద పడుతోందనడానికి అది గుర్తు. తార కోలుకుంటున్న ఆ నెలల కాంతి వక్రాల్లో ఔత్సాహికులు తీసినవి చాలా ఉన్నాయి. కాబట్టి అక్టోబరు సాయంత్రం మొదటి చిత్రాన్నే వెంటనే కొలవండి. 13.5 ఉండవలసిన తార 14.5గా కనిపిస్తే పోలిక తారను మరొకసారి సరిచూసి, ఆ రాత్రే ఏఏవీఎస్ఓకు కొలతను పంపి, కెమెరాను ఆపకుండా తెల్లవారేవరకు నడపండి.